ఇవతలి రేవు

అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో లారీ గ్యారేజీల వరసలో ఇనుప తలుపులూ మెట్లూ చేసే కంపెనీ ఒకటుంది. అందులో రామ్మోహనరావు ఉద్యోగం ఏమిటని అడిగితే ఆయన కూడా కాస్త ఆలోచించుకునే చెప్పాలి. వీసా కాయితం మీద ఇప్పటికీ టైపిస్టు అనే ఉంది. టైపు మిషను మూలపడి ఇరవయ్యేళ్లు దాటింది. ఇప్పుడాయన క్యాంపులో ఉండే నూట ఎనభై మందికి టిక్కెట్లు కొంటాడు, వీసాలు పొడిగిస్తాడు, ఎవరికైనా పన్నునొప్పి వస్తే క్లినిక్కుకు ఉత్తరం రాసిస్తాడు. వీటన్నిటి మీదా, కంపెనీ యజమాని కుటుంబం ఎక్కడికి బయలుదేరినా ఆ ప్రయాణాన్ని ముందుగా కాయితం మీద నడిపించి చూపిస్తాడు. ఆ యజమానిని ఆఫీసులో అందరూ ముదీర్ అంటారు.

రావు కాకినాడ మనిషి, యాభై రెండేళ్లు. లండన్‌లో ఏ వీధి ఎక్కడ మలుపు తిరుగుతుందో చెప్పగలడు గాని లండన్ చూడలేదు. అందుకు ఆయనకేమీ బాధ లేదు. అడిగిన కాయితం అడిగిన రోజున తెచ్చివ్వని మనుషులంటేనే ఆయనకు ఒళ్లుమంట. ఎవరైనా కిటికీ దగ్గర నిలబడి “మా చెల్లెలి పెళ్లి కుదిరిందండీ, అదెలా కుదిరిందంటే” అని మొదలుపెడితే, చెయ్యి అడ్డం పెట్టేస్తాడు. “కథ వద్దు, తేదీ చెప్పు” అంటాడు. ఆ చెయ్యి అడ్డం పెట్టడం క్యాంపులో అందరికీ తెలుసు. వెనక నుంచి దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లూ ఉన్నారు.

2023 మే నెలలో ఒకరోజు ముదీర్ పిలిచాడు. ఆయన కుటుంబం ఏటా వేసవి రెండు నెలలూ లండన్‌లో గడుపుతుంది. వాళ్లకంటే ముందే వాళ్ల పెద్ద కారు ఓడెక్కి అక్కడికి చేరుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ కారు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, ఇంగ్లండులో బండ్లన్నీ రోడ్డుకు ఎడమవైపే నడుస్తాయి. ముందున్న బస్సును దాటాలంటే పక్క సీటులో ఉన్న మేడమ్ తొంగిచూసి చెప్పాలి. ఆవిడ చెప్పదు, కళ్లు మూసుకుంటుంది.

“ఏటా రెండు నెలలు తప్పు వైపున నడుపుతున్నాను, రావ్” అన్నాడు ముదీర్. “సముద్రం దాటితే ఫ్రాన్స్. అక్కడ మనలాగే కుడివైపు. ఒక్కరోజు, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేద్దాం. యల్లా, ప్లాన్ చెయ్యి.”

ఒక్కరోజే కదా అనుకున్నాడు రావు. ఆ ఒక్కరోజు ఆయన రెండు నెలల్ని నమిలి మింగేసింది.

ముందు సముద్రం ఎలా దాటాలన్నది తేలలేదు. కారుతో సహా మనుషుల్ని మింగి నేల కిందుగా అవతల తేల్చే రైలు ఒకటుంది. పిల్లలిద్దరూ ఆ రైలే కావాలన్నారు. నెత్తి మీద సముద్రం పెట్టుకుని కూర్చోనని మేడమ్ అంది. వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు రైలు అన్నాడు ముదీర్. రావు దానికి తగ్గట్టు ప్లాన్ మొత్తం తిరగరాశాడు. వారం తర్వాత రైలు వద్దు, రెండువైపులా ఓడే అన్నారు. అదీ రాశాడు. కారు ఎత్తు కొలిచి పంపమంటే, డ్రైవరు ఇర్షాద్ మేడ మీద నుంచి ఫోటో తీసి పంపాడు. కారు పైకప్పు చక్కగా కనబడింది.

తరువాత బీమా కాయితం. అవతలి దేశంలో చెల్లే బీమా వేరే ఉండాలి. మనిషికొక పచ్చ జాకెట్టు, బండి ఆగిపోతే రోడ్డు మీద పెట్టే ముక్కోణం బొమ్మ ఉండాలి. మేడమ్ దారిలో తినడానికి మాంసం పులావు చేయించి పట్టుకెళ్తానంది. మాంసం, పాలు, వెన్న ఏదీ ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదని రావు చెప్పాడు. మా మేకపిల్లకు ఏం జబ్బని వాళ్ల ఉద్దేశం అని ఆవిడ అడిగింది. నాలుగురోజులపాటు అదే ప్రశ్న ఫోనులో వస్తూనే ఉంది.

ఇక గడియారాలు. అబుదాబి కంటే లండన్ మూడు గంటలు వెనక, ఫ్రాన్స్ రెండు గంటలు వెనక. వెళ్లేటప్పుడు ఒక గంట పోతుంది, వచ్చేటప్పుడు అదే గంట తిరిగొస్తుంది. పోయిన గంట తిరిగొస్తుందంటే ముదీర్ నమ్మలేదు. రావు బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది.

ఇన్ని చేసినా అసలు చిక్కు ఐదో పాస్‌పోర్టు దగ్గర ఉంది. ముదీర్‌కు, మేడమ్‌కు, పిల్లలిద్దరికీ వాళ్ల పాస్‌పోర్టుతోనే ఫ్రాన్స్ తలుపు తెరుచుకుంటుంది. ఐదో మనిషి పిల్లల్ని చూసుకునే మాణిక్యం. ఆమెది భారతదేశపు పాస్‌పోర్టు. లండన్ వీసా ఏటా వస్తుంది, ఈసారీ వచ్చింది. ఫ్రాన్సుకు మాత్రం వేరే వీసా తీసుకోవాలి.

మాణిక్యం సంతకాల కోసం ఆఫీసుకు వచ్చింది. నలభై రెండేళ్ల మనిషి, కుర్చీ అంచున కూర్చుంది, సంచి ఒళ్లో పెట్టుకుంది. ఊరు యానాం. గోదావరి ఒడ్డున, చుట్టూ ఆంధ్ర ఉన్నా ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు. రావు ఆమెకు ప్రయాణం అర్థమయ్యేలా చెప్పడానికి రెండు గట్లూ, మధ్యలో ఓడ బొమ్మా గీశాడు. కార్లు ఓడ కడుపులోకి ఎలా వెళ్తాయో బాణాలు వేసి చూపించాడు.

“పంటే గదండీ” అంది మాణిక్యం.

“ఏమిటీ?”

“పంటండి. మాకు వంతెన రాకముందు యానాం నించి ఎదుర్లంకకి గోదారి మీద అదే గదండీ. కార్లు, జీపులు, గేదెలు అన్నీ ఎక్కించేవోరు. మా అమ్మమ్మ ఎదుర్లంక నించి రోజూ ఆ పంటెక్కి రేవు కాడికి…”

రావు చెయ్యి అడ్డం వచ్చేసింది. “అమ్మమ్మ సంగతి ఫారంలో లేదు. ఇక్కడ సంతకం పెట్టు.”

ఆమె పెట్టింది. పెట్టాక కూడా లేవలేదు. “సారండీ, ఆ ఫ్రాన్సులో మా అక్క ఉందండి. మంగాదేవి. లీల్ అనే ఊరండి. చూసి పన్నెండేళ్లయ్యిందండి.”

రావు మళ్లీ చెయ్యి ఎత్తబోయి, ఎందుకో ఎత్తలేదు. ఆమె ఆ ఒక్కసారీ గబగబా చెప్పేసింది. యానాంలో కొన్ని ఇళ్లవాళ్లకు ఫ్రాన్స్ కాయితాలుంటాయి. అలాంటి ఇంటికే అక్కను ఇచ్చారు. అక్కకు సెలవులు ఆగస్టులోనే, అప్పుడే యానాం వస్తుంది. ఆగస్టులో మాణిక్యం లండన్‌లో ఉంటుంది. మాణిక్యానికి సెలవు రెండేళ్లకోసారి డిసెంబరులో, అప్పుడు అక్కకు కుదరదు. ఫోనులో రోజూ మాట్లాడుకుంటారు, మొహాలు కనబడతాయి. “ముట్టుకోటానికి లేదు గదండీ” అంది. ఈసారి చెల్లెలు వస్తోందని అక్క యానాం ప్రయాణం మానుకుంది.

“ఈ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు” అన్నాడు రావు. “లేని గడితో మనకేం పని. వెళ్లు.”

ఆమె వెళ్లాక ఆయన పటం తెరిచాడు. లీల్ నుంచి, ముదీర్ వాళ్లు ఓడ దిగే కలే రేవుకు గంటకు పైగా ప్రయాణం, బస్సూ రైలూ ఉన్నాయి. కలేలో రేవు పక్కనే ఇసుక బీచి ఉంది. ప్లానులో ‘మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర, బీచి దగ్గర భోజనం’ అని చేర్చాడు. ఎందుకు చేర్చాడో ఎవరికీ చెప్పలేదు. అక్కచెల్లెళ్లు గంటన్నర ఒకరి పక్కన ఒకరు కూర్చుంటే ఎవరి సొమ్మేం పోతుందని ఆయన వాదన. ఆ వాదన ఆయన తనతోనే చేసుకున్నాడు.

అక్కణ్నుంచి ఆ గంటన్నరను కాపాడటమే ఆయన ఉద్యోగమైంది. ముదీర్ స్నేహితుడెవరో వేరే ఊళ్లో చేపల భోజనం బాగుంటుందన్నాడు. అక్కడ కారు నిలపడం కష్టమని రావు రాశాడు. పిల్లలు సింహాల్ని చూడాలన్నారు. సింహాలుండే జూ మూడు గంటల దూరమని, తిరుగు ఓడ తప్పిపోతుందని రాశాడు. మేడమ్ దుకాణాలన్నీ ఒక్కచోట ఉండే బజారు కావాలంది. కలే పక్కనే అలాంటిది వెతికిపెట్టాడు. ఎవరు ఎటు లాగినా ప్లాన్ మళ్లీ ఆ ఇసుకలోకే వచ్చి కూలబడేది. ఇంట్లో భార్య సుభద్ర, “ఆయన ఫ్రాన్స్ వెళ్తుంటే మీకెందుకండీ బీపీ” అంది. నిజమే, ఎందుకో ఆయనకూ తెలియదు.

వీసా సెంటర్లో తేదీ దొరకడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. పొద్దున్నే లేచి కంప్యూటర్ ముందు కూర్చోవడం, తేదీ కనబడటం, నొక్కేలోపు మాయమవడం. పద్దెనిమిదో రోజున దొరికింది. రావు ఫైలు తయారుచేశాడు. ముదీర్ ఉత్తరం ఒకటి, ‘మా పిల్లల్ని చూసుకోవడానికి ఈమె మాతో ఒక్కరోజు వచ్చి, అదే రాత్రి మాతోనే తిరిగివస్తుంది’ అని. జీతం కాయితం, బ్యాంకు కాయితం, ఓడ టిక్కెట్టు, బీమా. మొత్తం నలభై ఒక్క పేజీలు, వరస నంబర్లు వేసి మాణిక్యం చేతికిచ్చాడు. ఇందులో నుంచి ఒకటి తీయొద్దు, ఒకటి చేర్చొద్దు అని రెండుసార్లు చెప్పాడు.

బక్రీదు సెలవులు అయిపోయాక పాస్‌పోర్టు తిరిగొచ్చింది. రావు కవరు చింపి, పేజీలన్నీ తిప్పి, మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. ముద్ర లేదు. లోపల ఒక కాయితం, అందులో ఒక గడిలో టిక్కు. ప్రయాణ ఉద్దేశం గురించి చూపించిన ఆధారాలు నమ్మదగ్గట్టు లేవని దాని సారాంశం. ఇంకో తేదీ, ఇంకో ఫైలు అనడానికి వ్యవధి లేదు. నాలుగు రోజుల్లో వాళ్ల విమానం.

నలభై ఒక్క పేజీల్లో నమ్మదగనిది ఏముంది? ఒక్కరోజు వెళ్లి రావడం కూడా నమ్మకపోతే ఇంక దేన్ని నమ్ముతారు?

ముదీర్‌కు ఫోన్ చేశాడు. ముదీర్ ఏమీ బాధపడలేదు. “ఖలాస్, రావ్. ఓడెక్కే డోవర్ రేవు దాకా మాతోనే వస్తుంది. పిల్లలకు పొద్దున తినిపిస్తుంది. మేం అవతలికి వెళ్తాం, ఆమె అక్కడే కూర్చుంటుంది. సాయంత్రం వస్తూ ఎక్కించుకుంటాం. ఆమెకూ ఒకరోజు విశ్రాంతి.”

రావు ఫోన్ పెట్టేసి లెక్కవేశాడు. ఓడ ఎక్కడానికి ముందు గంటన్నర, ఓడ మీద గంటన్నర, అక్కడి తిరుగుడు, మళ్లీ ఓడ. దగ్గర దగ్గర పదకొండు గంటలు. పదకొండు గంటలు బల్ల మీద కూర్చోవడం విశ్రాంతి అట. ఆ సముద్రం అవతల గట్టున అక్క, ఇవతల గట్టున సంచి ఒళ్లో పెట్టుకుని చెల్లెలు.

వీసా సెంటరువాళ్లు తిరిగిచ్చిన కాయితాల కట్ట విప్పాడు. తప్పు ఎవరిదో తేల్చకపోతే ఆయనకు ఆ పూట అన్నం సహించదు. నలభై ఒకటో పేజీ తరువాత ఇంకో పేజీ కనబడింది. నంబరు లేదు. ఫ్రెంచిలో చేత్తో రాసిన ఉత్తరం. ఫోన్ దాని మీద పెట్టి తెలుగులోకి మార్చి చదివాడు. ‘మాణిక్యం నా సొంత చెల్లెలు. మా ఇంటికి వస్తోంది. ఎన్నాళ్లు ఉండాలనుకుంటే అన్నాళ్లు ఉంటుంది. తిరిగి వెళ్లే తొందరేమీ లేదు. ఖర్చులన్నీ మేమే చూసుకుంటాం.’ కింద మంగాదేవి సంతకం.

రావు నెత్తి కొట్టుకున్నాడు. ఒక ఉత్తరం ఒక్కరోజు అంటుంది, ఇంకో ఉత్తరం ఎన్నాళ్లయినా అంటుంది. ఏ దేశంవాడు నమ్ముతాడు? పోనీ ఆ అక్కనైనా ఏమనగలం. తెలుగునాట ఏ అక్క అయినా చెల్లెల్ని అలాగే పిలుస్తుంది. ఒక్కపూట ఉండి వెళ్లిపో అని ఎవరైనా రాస్తారా, రాస్తే అది పొమ్మన్నట్టు కాదూ?

మధ్యాహ్నం ఇర్షాద్ మాణిక్యాన్ని తీసుకొచ్చి దింపాడు. ఆమె పాస్‌పోర్టు పేజీలు తానే తిప్పి చూసుకుని, మూసి, సంచిలో పెట్టుకుంది. ఏడవలేదు. రావుకు ఆమె ఏడిచినా బాగుండేదనిపించింది, కోప్పడటం కాస్త తేలికయ్యేది.

“ఈ ఉత్తరం ఎందుకిచ్చావు? చేర్చొద్దని చెప్పానా లేదా?”

“ఆ వీసా కాడ కిటికీలో అమ్మాయి ఇంకేవన్నా ఉన్నాయా అనడిగిందండి” అంది ఆమె. “పిలుపు ఉందంటే బలం గదా అనుకున్నానండి. పిలుపు లేకండా ఎవరింటికైనా ఎల్తామా అండి. రేపు అక్క గుమ్మం తొక్కాలంటే దాని పిలుపు చూపించాలి గదా అని.”

“పిలుపే కొంప ముంచింది” అన్నాడు రావు. ఉత్తరాన్ని పక్కకు విసిరేయబోతే దాని వెనక పిన్ను చేసిన ఇంకో కాయితం చేతికి తగిలింది. పాస్‌పోర్టు జిరాక్సు. ఫోటోలో మాణిక్యం లాంటి మొహమే, కాస్త పెద్దది. పౌరసత్వం అన్నచోట ఫ్రాన్స్ అని ఉంది.

ఆయన ఆ కాయితాన్ని దగ్గరకు తీసుకుని చూశాడు. “మీ అక్కది ఫ్రాన్స్ పాస్‌పోర్టా?”

“ఆయ్. పెళ్లయ్యాక కొన్నేళ్లకి వచ్చిందండి.”

“ఈ పాస్‌పోర్టుకు ఇంగ్లండు రావడానికి వీసా అక్కర్లేదు. ఓడెక్కి దిగడమే.”

“ఆయ్, తెలుసండి.”

“తెలుసా? నువ్వు లండన్ వెళ్లడం ఎన్నో ఏడు?”

“ఇది ఏడోదండి.”

“ఏడేళ్ల నుంచి ఏటా రెండు నెలలు అక్కడ కూర్చుని, ఆవిణ్ని ఒక్కసారి రమ్మనలేకపోయావా? నేనిక్కడ రెండు నెలల నుంచి నిన్ను సముద్రం దాటించాలని జుట్టు పీక్కుంటున్నాను.”

మాణిక్యం సంచి పట్టీని వేలికి చుట్టుకుని విప్పింది. “ఎక్కడికని రమ్మంటానండి” అంది. “మన ఇల్లు కాదు గదండీ. వంటింటెనకాల గదండి నాది, అందులో ఇస్త్రీ బల్ల కూడా ఉంటాది. పెద్ద అక్క, పన్నెండేళ్ల తరవాత వస్తే బొట్టెట్టి కూకోబెట్టాలి, అన్నం పెట్టాలి. ఒకల్లింట్లో పనిచేసే చోటుకి పిలిచి ఎనక తలుపులోంచి రమ్మంటానా? అక్కా అడగలేదండి. పిలవందే ఎలా వత్తాదండి.”

ముప్ఫై మంది పనివాళ్ల వీసాలు ఒక్కరోజులో తెమిల్చిన మనిషికి, దీనికి ఏ కాయితం పెట్టాలో తోచలేదు. ఎదురుగా బల్ల మీద రెండు నెలల కిందటి ఓడ బొమ్మ ఇంకా అలాగే ఉంది, కార్లు, బాణాలు. దాన్ని చూస్తుంటే ఆ రోజు అడ్డం పెట్టిన తన చెయ్యి గుర్తొచ్చింది.

“ఆ రోజు మీ అమ్మమ్మ గురించి ఏదో చెప్పబోయావు” అన్నాడు. “నేను చెప్పనివ్వలేదు. చెప్పు.”

ఆమె అనుమానంగా చూసింది, చెయ్యి లేస్తుందేమోనని. లేవలేదు.

“ఏం లేదండి. మా అమ్మమ్మకీ నాన్నకీ మాటల్లేవండి. అమ్మ పెళ్లప్పుడేదో తేడా వచ్చిందంట. నాన్న పిలిచేవోడు కాదు, పిలవందే ఆవిడ మా గుమ్మం తొక్కేది కాదు. కానీ రోజూ పొద్దున్నే ఎదుర్లంకలో పంటెక్కి యానాం రేవు కాడికొచ్చి కూకునేదండి. అమ్మ మా ఇద్దర్నీ ఎంటబెట్టుకుని ఎల్లేది. అక్కడే మెట్ల మీద మాకు అన్నం కలిపి పెట్టేదండి అమ్మమ్మ. మద్దేన్నం పంటుకి ఎల్లిపోయేది. అలాగ ఆవిడ పోయేదాకానండి.”

“మరి పిలుపు?”

“రేవు ఎవరిల్లూ కాదు గదండీ” అంది మాణిక్యం. “రేవు కాడికి పిలుపెందుకు.”

అనేసి ఆగిపోయింది. ఆమె చూపు బల్ల మీదున్న ఓడ బొమ్మ మీదికి వెళ్లింది, దాని పక్కన ఆయన గీసిన రెండు గట్ల మీదికి.

“సారండీ, వాళ్లు తిరిగొచ్చేదాకా నన్ను డోవర్లో కూకోబెడతారని మేడమ్ అన్నారండి, ఆ చోటు ఎవరిదండి?”

“ఎవరిదీ కాదు” అన్నాడు రావు. “అదీ రేవే. బల్లలుంటాయి, మెట్లుంటాయి. ఎవరైనా కూర్చోవచ్చు.”

మాణిక్యం సంచిలోంచి ఫోను తీసింది. తీసి, ఆయన వైపు తిరిగి, “తేదీ చెప్పండి” అంది.

“ఆగస్టు పన్నెండు. శనివారం.”

ఫోను రెండోసారి మోగేలోపే అవతల అక్క ఎత్తింది. వీసా వచ్చిందా అని ఆమె అడగడం రావుకు బల్ల ఇవతలి దాకా వినబడింది. “రాలేదక్కా” అంది మాణిక్యం. “నువ్వు రా. ఆగస్టు పన్నెండో తారీకు, పొద్దున్నే పంటెక్కి ఇవతలి రేవుకి వచ్చెయ్యి. నేను సాయంత్రం దాకా అక్కడే ఉంటాను. నాకు ఇల్లూ అదీ లేదు, బొట్టెట్టి పిలవటానికి. అన్నం డబ్బాలో తెత్తాను.”

“రేవు కాడికా” అంది మంగాదేవి. “రేవు కాడికైతే పిలవడవెందుకే, పిచ్చిదానా. వచ్చేత్తాను.”

మాణిక్యం అప్పుడు ఏడ్చింది, ఫోను చెవికి ఆనించుకునే. రావు మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపి, కంప్యూటర్ వైపు తిరిగాడు. కలే నుంచి పొద్దున వచ్చే ఓడల వేళలు తీశాడు. ఫ్రాన్స్ గడియారానికీ ఇంగ్లండు గడియారానికీ గంట తేడా సరిచూశాడు. ఆయనకు తన మీదే కోపంగా ఉంది. నలభై ఒక్క పేజీలు రాసినవాడు, రెండు నెలల కిందట ఒక ముసలమ్మ కథను రెండు నిమిషాలు విని ఉంటే సరిపోయేది. ప్లాన్ అడుగున మిగిలిన ఖాళీలో, ముదీర్ అడగని వరస ఇంకొకటి చేర్చాడు. ‘మాణిక్యం, మంగాదేవి. డోవర్ రేవు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా.’